పులిసిన రీళ్ళు

స్కూలు వెనక వీధి,
మేడ మీద గది.
ఫిబ్రవరి 9

ఎడిటింగ్ మాస్టారికి,

నేను పెద్దక్కని. ఫిల్ము డబ్బాల గది పెద్దక్కని. గుర్తు లేదంటే ఊరుకోను. రాత చూసి ఎవరిదో అనుకోకండి. నేను చెబుతుంటే కింది వాటా నర్సమ్మ రాస్తోంది. ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో డాక్టర్ల రాత చదివిన మనిషి, మీ రాత కూడా చదవగలదు. కాబట్టి జవాబు ఎగ్గొట్టడానికి మీకు సాకు లేదు.

క్షేమసమాచారాలు తర్వాత. ముందు నా గొడవ వినండి.

మొన్న స్కూలు లైబ్రరీ చూసుకునే ఆవిడ మెట్లెక్కి వచ్చింది. మన సినిమా, రేడియో స్కూలుకి యాభై ఏళ్ళు నిండుతున్నాయట. యూనివర్సిటీ వాళ్ళు చరిత్ర పుస్తకం వేస్తున్నారట. పాత ఫొటోలేమన్నా ఉన్నాయా అని అడిగింది. అంతమందికి కెమెరా పట్టడం నేర్పిన స్కూల్లో నా ఫొటో తీసినవాడు ఒక్కడు లేడమ్మా అన్నాను. నవ్వింది. సంచిలో ఆ పుస్తకం కాగితాలుంటే, చదివి వినిపించమన్నాను.

మొదట్లో బాగానే ఉంది. విత్తనాల పరీక్షలు చేసుకునే పాత షెడ్డులో రేడియో కోర్సు మొదలెట్టడం, పదకొండు మంది పిల్లలు, గోడలకి పరుపులు కట్టి స్టూడియో అనడం, ఆ రేడియో హాస్టలు దాటి వినపడకపోవడం, అన్నీ ఉన్నాయి. తర్వాత సినిమా క్లాసులు. కెమెరా ఒకటి, సౌండు ఒకటి, మీ ఎడిటింగ్ ఒకటి. ఆ తర్వాత టీవీ. అవునవును అంటూ తలూపుతూ కూర్చున్నాను. ఉన్నట్టుండి ఆవిడ గొంతు తగ్గింది. గొంతు తగ్గిందంటే నాకు అనుమానం. మళ్ళీ చదువు అన్నాను.

"నిల్వ గది సిబ్బంది నిర్లక్ష్యం కారణంగా మొదటి పదేళ్ళ విద్యార్థుల చిత్రాలన్నీ పాడైపోయాయి."

సిబ్బంది అంటే ఎంతమంది మాస్టారూ? ఆ గదిలో ఉన్నది ఇద్దరమే, నేనూ నా స్టూలూ.

నా నిర్లక్ష్యమట! నెలకోసారి ఒక్కో డబ్బా మూత తీసి వాసన చూసేదాన్ని. రెండు వందల నలభై డబ్బాలు. ఫిల్ము పాడవడం మొదలైతే ముందు ముక్కుకే తెలుస్తుంది, కంటికి కాదు. పుల్లటి వాసన వేస్తుంది. ఒకటి పులిస్తే పక్కవాటికీ అంటుకుంటుంది, అందుకని వేరే అరలో పెట్టాలి. ఇది నాకు నేర్పింది మీరే. అక్షరం ముక్క రాకపోయినా, మూతల మీద గోళ్ళ రంగుతో బొమ్మలేసుకున్నాను. గొడుగు సినిమాకి గొడుగు, మెట్ల సినిమాకి మెట్లు, ఏమీ జరగని సినిమాకి సున్నా. అలాంటివి చాలా ఉండేవి లెండి. ఏడాదికి రెండుసార్లు ప్రతి రీలూ ఒక చక్రం మీంచి ఇంకో చక్రం మీదికి చేత్తో మెల్లగా చుట్టి, గాలి తగలనిచ్చేదాన్ని. ఒక్క గీత పడనిచ్చానా?

మీరు అంతా చూసిన మనిషి. ఆ వాక్యం తప్పని డైరెక్టరమ్మకి ఒక్క ముక్క రాయండి. ఏప్రిల్ పదిహేనుకి అచ్చుకి వెళుతుందట. మీ మాటకి విలువుంది. నా మాటకి ఉంటే మీకెందుకు రాస్తాను?

మీ ఆవిడ పోయారని చాలా ఆలస్యంగా తెలిసింది. ఒక్కరే ఎలా నెట్టుకొస్తున్నారో.

పెద్దక్క

*

మూడో అంతస్తు, పదహారో నంబరు.
మార్చి 2

పెద్దక్కా,

నీ ఉత్తరం చూసి ఎంత సంతోషించానో చెప్పలేను. నా పేర కరెంటు బిల్లు తప్ప ఏదీ రాని ఇల్లు ఇది. ఉత్తరాన్ని రెండు రోజులు బల్ల మీద అలాగే ఉంచి, అటూ ఇటూ తిరుగుతూ చూసుకున్నాను.

ఆ షెడ్డు రోజులు గుర్తు చేశావు. మొదటి బ్యాచి వాళ్ళు వార్తలు చదువుతుంటే మధ్యలో పిట్ట కూసేది. వెంటిలేటర్లో గూడు. దాన్ని తీసేయడానికి ఎవరికీ మనసు ఒప్పలేదు. చివరికి "వార్తలు, పిట్ట సమర్పణ" అని పిల్లలే ఎగతాళి చేసేవారు. ఇప్పుడక్కడ ఎన్ని కోర్సులో! యానిమేషన్ అట, ఫోన్‌తో సినిమా తీయడమట. మనం నూలు గ్లవ్సులు తొడుక్కుని ఎంతో జాగ్రత్తగా నెగటివ్ పట్టుకునేవాళ్ళం అంటే ఈ పిల్లలు నమ్మరు.

ఆ వాక్యం గురించి నువ్వు అంత బాధపడకు. ఇలాంటి పుస్తకాలు అలమరాల్లో కూర్చోవడానికి పుడతాయి. ఒక్క వాక్యం ఎవరు చదువుతారు? అందులో నీ పేరు కూడా లేదు. నా మోకాళ్ళు సరిగా లేవు. కాస్త కుదుటపడ్డాక డైరెక్టరుతో మాట్లాడే ప్రయత్నం చేస్తాను.

చెప్పడం మరిచాను. కొత్త ఎడిటింగ్ హాలుకి నా పేరు పెడుతున్నారు. యాభై ఏళ్ళ సభ రోజునే బోర్డు తెరుస్తారట. నువ్వు ముందు వరసలో కూర్చోవాలి.

మాస్టారు

*

మేడ మీద గది.
మార్చి 14

మాస్టారికి,

హాలుకి పేరు పెడుతున్నందుకు సంతోషం. మనస్ఫూర్తిగానే అంటున్నాను. ముందు వరస సంగతి తర్వాత చూద్దాం.

ఎవరు చదువుతారు అని రాశారు. ఎవరు చదువుతారో నాకు తెలుసు. పాడైన రీళ్ళన్నీ లారీకెక్కించి పారేసిన మరుసటేడు ఒకావిడ వచ్చింది, నాలుగో బ్యాచి సినిమాలో పరిగెత్తే కుర్రాడి తల్లి. బస్సు కింద పడి పోయాడు ఆ పిల్లాడు. వాడు కదులుతూ కనిపించేది ఆ ఒక్క సినిమాలోనే. ఒక్కసారి వేసి చూపించమ్మా, మాట లేకపోయినా పర్లేదు, పరిగెత్తేది చూసి పోతాను అంది. లేదు, పాడైపోయింది అని చెప్పాల్సింది నేను. నా చేతులకేసి చూసింది, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆవిడ బతికే ఉంటే ఆ పుస్తకం కొని చదువుతుంది. మీ హాలు సంగతి చదవడానికి కాదు.

మీ మోకాళ్ళు కుదుటపడేదాకా ఆగలేక నేనే స్కూలుకి వెళ్ళాను. గేటు దగ్గర వాచ్‌మన్ "ఎవరు కావాలమ్మా?" అన్నాడు. ఈ గేటుకి మొదటి రంగు వేస్తున్నప్పుడు నువ్వు పుట్టలేదు, తప్పుకో అన్నాను. తప్పుకున్నాడు.

డైరెక్టరమ్మ మన దగ్గర చదివిన పిల్లే. చీకటి గదిలోకి వెళ్ళాలంటే నా కొంగు పట్టుకునేది. కుర్చీ వేసి కూర్చోబెట్టింది. "పెద్దక్కా, నేను కావాలని రాయలేదు. ఫైల్లో కాగితం ఉంది" అని తీసి చూపించింది. కింద నా వేలిముద్ర. నాదే. ఫిల్ము అంచు కోసుకున్న మచ్చ అడ్డంగా కనిపిస్తోంది.

ఏం రాసుందో చదవమన్నాను. "రెండు వందల నలభై డబ్బాలను ఈ రోజు నుంచి నా సొంత బాధ్యత మీద పైగదిలో ఉంచుకుంటున్నాను. గది వసతి విషయంలో నాకు ఏ అభ్యంతరమూ లేదు." నా వేలిముద్ర పక్కన స్టోరు ఇన్‌చార్జిగా మీ సంతకం.

నాకు అభ్యంతరం లేదట! ఆ ఎండాకాలం టీవీ స్టూడియో పెట్టి, కెమెరాలు వేడెక్కుతాయని నా గది ఏసీలు రెండూ పీకి అక్కడ బిగించారు. డబ్బాలన్నీ స్కూలు మేడ మీద రేకుల గదికి మోయించారు. ఆ గదిలో మనిషే ఉడికిపోతాడు. మీ దగ్గరికి మూడుసార్లు వచ్చాను. ఒకసారి గొడుగు పులిసింది అన్నాను. రెండోసారి మెట్లు కూడా పులిసింది, పై అర మొత్తం వాసనేస్తోంది అన్నాను. మూడోసారి మీరే ఒక కాగితం నా ముందు పెట్టారు. "ఏసీలు తిరిగి ఇమ్మనేగా?" అని అడిగి మరీ వేలు వేశాను.

రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. నేను వేలు వేసిన కాగితం వేరు, ఫైల్లో ఉన్నది వేరు అయ్యుండాలి. ఎవరో మార్చుంటారు. లేదా పైవాళ్ళు మీ మెడ మీద కూర్చుని రాయించి ఉంటారు. ఏదో ఒకటి చెప్పండి మాస్టారూ. మీరు చెబితే నమ్ముతాను.

పెద్దక్క

*

పదహారో నంబరు.
మార్చి 23

పెద్దక్కా,

నలభై ఏళ్ళనాటి మాట. ఎన్ని కాగితాల మీద సంతకాలు పెట్టానో నాకే గుర్తు లేదు. ఇప్పుడు తవ్వుకుంటే ఎవరికీ మేలు జరగదు.

నాకొక ఆలోచన తోచింది. పుస్తకం చివర కృతజ్ఞతలు అని ఒక పేజీ ఉంటుంది. అందులో నీ పేరు వేయమని డైరెక్టరుకి రాస్తాను. పూర్తి పేరు వేయిస్తాను. అచ్చులో నీ పేరు చూసుకుంటే నీ మనసు కూడా చల్లబడుతుంది.

మందులు వేళకి వేసుకుంటున్నావా?

మాస్టారు

*

మేడ మీద గది.
మార్చి 29

నీళ్ళు నమలకండి.

అచ్చులో నా పేరు చూసుకోమంటున్నారు. చూసుకుని నేనేం చేసుకోను, చీమలు బారు కట్టినట్టు కనిపిస్తుంది. లోపలి పేజీలో నిర్లక్ష్యమని తిట్టి చివరి పేజీలో కృతజ్ఞతలు చెబుతారా? ఏం చేసినందుకు, పాడుచేసి పెట్టినందుకా?

నా మందుల గురించి అడిగారు. వేళకే వేసుకుంటున్నాను. పక్కనే నర్సు ఉంది.

ఒక్కటే అడుగుతున్నాను. ఆ కాగితం మీరే రాశారా? అవునో కాదో రాయండి. ఇంకేమీ రాయొద్దు.

పెద్దక్క

*

పదహారో నంబరు.
ఏప్రిల్ 4

అక్కా,

అవును.

ఇంకేమీ రాయొద్దన్నావు. కానీ ఈ ఒక్క మాటతో ఉత్తరం మూసి పోస్టు చేయడానికి చేతులు రాలేదు.

ఆ ఏడాది తనిఖీ కమిటీ వచ్చింది. డబ్బాలు ఎవరి బాధ్యతలో ఉన్నాయని అడిగారు. రికార్డు ప్రకారం నా బాధ్యతే. ఏసీలు తీసే కాగితం మీద కూడా సంతకం నాదే. ఒక్క ఎండాకాలమేగా, వానలు పడ్డాక మళ్ళీ కిందికి దించేద్దాం అనుకున్నాను. అప్పటికే నాకు బయటి దేశం శిక్షణకి పిలుపు వచ్చి ఉంది. టీవీ ఎడిటింగ్ నేర్చుకుని రావాలి, వచ్చి విభాగం నడపాలి. ఫైల్లో ఒక్క మచ్చ పడ్డా ఆ అవకాశం వేరేవాడికి పోయేది. సరిగ్గా ఆ రోజే నువ్వు మూడోసారి వచ్చావు. ముక్కు ఎర్రబడి ఉంది. పై అరంతా వాసనేస్తోంది మాస్టారూ అన్నావు. ముందే రాసి పెట్టుకున్న కాగితం నీ ముందుకి జరిపాను.

"ఏసీలు తిరిగి ఇమ్మనేగా?" అని అడిగావు.

"ఆఁ" అన్నాను.

అంతకంటే పెద్ద అబద్ధాలు ఆడి ఉంటాను. అవేవీ గుర్తు లేవు. ఆ "ఆఁ" మాత్రం ఉంది. నేను శిక్షణ నుంచి వచ్చేసరికి రీళ్ళు లేవు, నిన్ను నిల్వ గది నుంచి తీసి వరండాలు ఊడ్చే పనిలో వేశారు. చదువు రాదని తీసేశారు మాస్టారూ, ఇకనుంచి అన్నీ రిజిస్టర్లో రాయాలట గదా అని నువ్వే నాకు సర్దిచెప్పావు. నేను తలూపాను. పంతొమ్మిదేళ్ళు నువ్వు ఊడ్చిన వరండా మీదుగా క్లాసుకి నడిచాను. నువ్వు చీపురు పక్కకి తీసి దారి ఇచ్చేదానివి.

ఇది నా భార్యకి కూడా చెప్పలేదు. నీకు చెప్పాను, చాలు. ఈ ఉత్తరం మాత్రం మనిద్దరి మధ్యే ఉండనీ అక్కా. డెబ్బై రెండేళ్ళు వచ్చాయి. ఆ హాలు బోర్డు తప్ప నాకు మిగిలింది ఏమీ లేదు.

నీ తమ్ముడు

*

మేడ మీద గది.
ఏప్రిల్ 8

మనిద్దరి మధ్యే ఉండాలని రాశావు. నాకు చదువు రాదని నీకంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరున్నారు? నీ రహస్యం నర్సమ్మ నోట్లోంచి గదా నా చెవిలో పడాలి! అంత తెలివిగలవాడివి, అంత చిన్న విషయం తట్టలేదా? లేక మూడో మనిషి వినాలనే రాశావా? నాకైతే రెండోదే అనిపిస్తోంది.

నర్సమ్మ మొదటి పేజీ చదివి ఆగింది.

"ఇంకా ఉందా?" అన్నాను.

"ఉంది. కాసిని మంచినీళ్ళు తాగుతావా?" అంది.

"ఎవరన్నా పోయారా ఏమిటి, చదువు."

చదివింది. చీపురు పక్కకి తీసేదాన్ని అన్న దగ్గర ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నేనైతే లేచి వెళ్ళి పొయ్యి మీది గిన్నె తోమాను. తోమిందే మళ్ళీ తోమాను.

పంతొమ్మిదేళ్ళు! నాకు చదువు రాకపోవడం నా తప్పు, ఇంకెవరిని అంటాం అని నన్ను నేనే తిట్టుకుంటూ ఊడ్చాను. నీ గది ముందు మాత్రం రెండుసార్లు ఊడ్చేదాన్ని, మాస్టారికి దుమ్ము పడదని. ఆ సంగతి నీ ఉత్తరంలో లేదు. నీకు తెలియదు కాబట్టి లేదు. ఇప్పుడు తెలుసుకో.

మందలించి చెప్పాల్సింది ఇంకా చాలా ఉంది గానీ నర్సమ్మ కొన్ని మాటలు రాయనంటోంది. ఆవిడ రాయనన్నవి కూడా ఇక్కడ ఉన్నాయనుకుని చదువుకో.

ఇప్పుడు విను. నీ ఉత్తరం నా దగ్గరుంది. నాలుగడుగులు వేస్తే డైరెక్టరమ్మ బల్ల. ఇచ్చేస్తే ఈ సాయంత్రానికి నా పని అయిపోతుంది. నర్సమ్మ అదే చెయ్యమంటోంది. చెప్పులు వేసుకుని గుమ్మందాకా వెళ్ళి వెనక్కొచ్చాను. జాలిపడి కాదు. నేను తీసుకెళ్ళి ఇస్తే అది నేను పట్టుకున్న దొంగతనం అవుతుంది. నువ్వు చెబితే నిజం అవుతుంది. నాకు కావాల్సింది నిజం. నీ చేత్తో రాసిన దాన్ని నీ చేత్తోనే కొట్టెయ్యి.

పదిహేనుకి అచ్చుకి వెళుతుంది. ఇంకా వారం ఉంది. నీ మోకాళ్ళతో పనిలేదు, రాయడానికి చేతులు చాలు.

నువ్వు రాయకపోతే నేనేమీ చెయ్యను. ఆ వాక్యం అలాగే అచ్చవుతుంది. నీ పేరున్న హాలు కూడా తెరుస్తారు. నేను మాత్రం ఈ కిటికీ మూసేసుకుంటాను. దాంట్లోంచి స్కూలు కనిపిస్తుంది.

పెద్దక్క

*

పదహారో నంబరు.
ఏప్రిల్ 13

అక్కా,

డైరెక్టరుకి రాశాను. తపాలా ఆలస్యమవుతుందని ఫోన్‌లో చదివి కూడా వినిపించాను. ఏసీల సంగతి, పైగది సంగతి, నువ్వు మూడుసార్లు వచ్చి చెప్పడం, కాగితంలో ఏముందో చెప్పకుండా నీచేత వేలిముద్ర వేయించడం, ఏదీ వదల్లేదు. నకలు దీంతో పెట్టాను. నర్సమ్మగారిని చదవమను. నన్ను నేను సమర్థించుకున్న మాట ఎక్కడన్నా కనిపిస్తే నాకు తెలియజేయమను.

ఆ అమ్మాయి చివరిదాకా వింది. తర్వాత "ఫోన్ పెట్టేస్తాను సార్" అంది. ఇంతకుముందు ఎప్పుడూ నేను పెట్టేదాకా ఆగేది.

హాలు పేరు విషయం మళ్ళీ ఆలోచిస్తారట. ఆలోచించనక్కర్లేదని నేనే రాశాను.

నీకు ఉత్తరం రాసే మొహం నాకిక లేదు. ఇది ఆఖరిది అనుకో.

తమ్ముడు

*

మేడ మీద గది.
జులై 20

తమ్ముడూ,

పుస్తకం వచ్చింది. డైరెక్టరమ్మే మెట్లెక్కి తెచ్చింది. సభకి రమ్మని రెండుసార్లు మనుషుల్ని పంపితే నేను వెళ్ళలేదు, అందుకని. నా మంచం మీద కూర్చుని ఆ పేజీ తీసి చదివింది.

"టెలివిజన్ స్టూడియో కోసం నిల్వ గది ఏసీలు తొలగించడంతో మొదటి పదేళ్ళ విద్యార్థుల చిత్రాలు పాడైపోయాయి. నిల్వ గది సంరక్షకురాలు మూడుసార్లు హెచ్చరించినా అధికారులు పట్టించుకోలేదు."

నాలుగుసార్లు చదివించుకున్నాను. నాలుగోసారి ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. ఏడవకమ్మా, పేజీ తడుస్తుంది అన్నాను. హాలుకి ఎవరి పేరూ పెట్టలేదట. ఎడిటింగ్ హాలు అని మాత్రం రాశారట. నాకు సంతోషం కలగలేదు, కలిగిందని నువ్వు అనుకోకూడదని చెబుతున్నాను.

ఆ తల్లి ఎక్కడుందో కనుక్కుని ఒక పుస్తకం పంపమన్నాను. వెతుకుతామంది.

ఆ పిల్ల వెళ్ళిపోయింది. గెలిచాను గదా, ఎవరికన్నా చెప్పుకోవాలి. కిందికి వెళ్ళి నర్సమ్మకి చెప్పాను. మంచి మనిషి, చేతులు పట్టుకుని సంతోషించింది. కానీ సంరక్షకురాలంటే ఏం చేసేదానివి, అసలు రీలు ఎంతుండేది, ఎందుకు పులుస్తుంది అని అడిగింది. అవన్నీ విడమరిచి చెప్పేసరికి నా గెలుపు చల్లారిపోయింది. ఆవిడ తప్పు లేదు. చూడని గదిని ఎంతని చెబుతాం? ఆ తలుపు తీయగానే కాళ్ళకి తగిలే చలి, చక్రం తిరుగుతుంటే వచ్చే ఆ చిన్న చప్పుడు, దీపం ముందు పెడితే ఇంతింత బొమ్మలు బారుగా కనిపించడం, నేను చెప్పి ఆవిడకి చూపించలేను.

మూడు నెలలైంది, నువ్వు రాయలేదు. ఆఖరిది అన్నావు. అలా అనడానికి నువ్వెవరు? నేను అనాలి.

కోపం పోలేదు. పొద్దున్నే లేవగానే ముందు అదే లేస్తుంది, తర్వాత నేను. పోతుందని ఆశ పెట్టుకోకు. నాకు క్షమాపణలు కూడా రాయకు, ఒకసారి విన్నాను. వాన పడిందా, అన్నం వండుకున్నావా, ఆ పిట్ట గూడు వెంటిలేటర్లో ఎడమ పక్కనుండేదా, కుడి పక్కనా? రెండు రోజులుగా గుర్తు రావడం లేదు. అలాంటివి రాయి.

ఆ గది ఎలా ఉండేదో తెలిసినవాళ్ళం ఇద్దరమే మిగిలాం. అందులో ఒకరికి రాయడం రాదు.

పెద్దక్క